వరద క్యాంపులో పుట్టినవాడు

తండ్రి మంగయ్య పెద్దకర్మ అయిన మర్నాడు, పింఛను కాగితాల కోసం రేకుపెట్టె తెరిచిన శ్రీశైలానికి తల్లి ఉప్పలమ్మ ఆపరేషన్ చీటీ దొరికింది. గర్భసంచి తీసేసినట్టు రాసి, కింద డాక్టరు సంతకం చేసి ఉంది. సంవత్సరం పంతొమ్మిది వందల ఎనభై నాలుగు. శ్రీశైలం పుట్టింది ఎనభై ఆరులో. బొగ్గుబావిలో పంపులు నడిపే మనిషికి ఆ మాత్రం లెక్క రాకపోదు. చీటీ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"అమ్మా, ఇదేంది?" అని అడిగితే ఉప్పలమ్మ చీటీ వంక చూడనైనా చూడలేదు.

"భద్రాచలం వరదలప్పుడు దొరికినవ్ బిడ్డా. నా ఆపరేషన్ గట్టెక్కిందని మొక్కు తీర్చబోతే గోదారి చుట్టేసింది. అందర్నీ ఒక బళ్లె క్యాంపు పెట్టిండ్రు. ఎవరో కన్నరు, మేం తెచ్చుకున్నం."

"ఎవరో అంటే ఎవరే?"

"నాకు తెల్వదు."

ఆమె అబద్ధం ఆడేటప్పుడు కొంగుతో మూతి తుడుచుకుంటుంది. ఇప్పుడు రెండుసార్లు తుడుచుకుంది. ఎంత బతిమాలినా అంతకుమించి నోరు విప్పలేదు.

ఆ రోజు నుంచి శ్రీశైలానికి తిండి సయించలేదు. అరవై దాటిన ఆడవాళ్లు ఎదురైతే చాలు, ముక్కూ చెవులూ పరికించి చూసేవాడు. కొత్తగూడెం బస్టాండులో ఒకావిడ "ఏం చూస్తున్నవయ్యా?" అని గదమాయించింది కూడా. భార్య నవత ఓపిక పట్టినన్నాళ్లు పట్టి, "కన్నామె కనిపిస్తే ఏం చేస్తవ్? ఇంట్లున్నామెను వెళ్లగొడతవా?" అని నిలదీసింది.

"ఏం చెయ్య. నువ్వు నా కొడుకువే అని ఆమె నోటితోని ఒక్కసారి అనాలె. గంతే."

ఆ ఒక్క మాట కోసం కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాడు. దవాఖానాకు వెళ్తే పంచాయతీకి పొమ్మన్నారు. పంచాయతీలో తహసీల్ ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ పాత రిజిస్టర్లు చెదలు తిన్నాయన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడి జాడే లేదు, ఎక్కడ చూసినా పూజారులే. సెలవులు అయిపోతే నాగాలు పెట్టాడు. ఏడు నెలలకు మనిషి సగమయ్యాడు. ఒకనాడు రికార్డు గది గుమ్మంలో కూర్చుని, ఇక తన వల్ల కాదని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్కడి అటెండరు చందూలాల్ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. అతనే మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు ఎతికే కాగితమే తప్పు. అంత వరదల పుట్టినోళ్లను రాసే తీరిక ఎవరికుంటది? బియ్యం తీసుకున్నోళ్లను మాత్రం రాసిండ్రు, తలకింత అని. పసిగుడ్డయినా తలే గదా. క్యాంపు పెట్టిన బళ్లె అడుగు."

వాకబు చేసి పట్టుకున్న ఆ భద్రాచలం బడి సామాను గదిలో, విరిగిన బల్లల కింద బియ్యం లెక్కల పుస్తకం నిజంగానే ఉంది. శ్రీశైలం నేల మీదే కూర్చుని పేజీలు తిప్పాడు. పేరు, ఊరు, ఎన్ని తలలు. రోజుకో పేజీ. ఎర్రమ్మ అనే పేరు దగ్గర మొదట రెండు తలలు ఉన్నాయి. నాలుగో రోజుకు మూడయ్యాయి. ఆరో రోజు మళ్లీ రెండే. ఇంకెవరి తలలూ అలా పెరిగి తగ్గలేదు. ముప్పై తొమ్మిదేళ్ల తన బతుకుకు మొదటి ఆనవాలు ఆ 'మూడు' అంకె. దాని మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేకపోయాడు.

పుస్తకంలో ఉన్న ఊరు గోదావరి ఒడ్డున ఉంది. ఇల్లు కొట్టుకుపోయాక ఎర్రమ్మ చండ్రుగొండ వైపు, అడవి అంచున ఉన్న పుట్టింటికి వెళ్లిపోయిందని అక్కడివాళ్లు చెప్పారు. మర్నాడు పొద్దున్నే బయలుదేరాడు.

ఎర్రమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. ఆమె ముక్కు చూడగానే శ్రీశైలం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రోజూ అద్దంలో చూసుకునే ముక్కే. వరద, బడి, ఉప్పలమ్మ, అన్నీ గడగడా చెప్పేశాడు. ఆమె చేతిలోని ఇప్పపువ్వు కింద పోసి చెప్పింది.

"నాకు అప్పటికే ముగ్గురు పుట్టి పోయిండ్రు. గట్ల పోతాంటే, పుట్టినోణ్ణి ఎవరికన్న తవుడుకు అమ్మాలంటరు. ఉత్త పేరుకే అమ్ముడు. కొన్నామె 'వీడు నా పిల్లోడు, పెంచిపెట్టు' అని మళ్లా మన ఒళ్లెనే పెడ్తది. చావొచ్చి చూస్తే మన పిల్లోడు కాదనుకొని పోతది. క్యాంపుల గొడ్లకని తవుడొచ్చింది. పక్కనున్న పిల్లల్లేనామెను అడిగిన. చేటెడు తవుడు పోసి తీస్కుంది. మళ్లా ఇయ్యలే."

"మరి నువ్వడగలేదా?"

"లారీ ఎక్కుతాంటే చూసిన. కేకేస్తే ఆగేది. నోరు మూస్కున్న. నా కాడుంటే చస్తడు, ఆమెతోని పోతే బతుకుతడేమో అనుకున్న. వాని ఎనక ఇంకిద్దరు పుట్టిండ్రు. వాళ్లూ పోయిండ్రు."

శ్రీశైలం ఆమె కాళ్ల దగ్గర కూలబడి, "అమ్మా, నీ కొడుకునని ఒక్కసారి అనవే. చాలు, పోత" అన్నాడు.

ఎర్రమ్మ గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది. ఎవరైనా విన్నారేమోనని వాకిలి అటూ ఇటూ చూసింది. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, నాలుగిళ్లకు వినిపించేంత గట్టిగా అంది.

"నా పిల్లలు ఒక్కలూ బతకలే సారూ. నువ్వు బతికినవ్. నువ్వు నా కొడుకువెట్లయితవ్? మీ అమ్మ కాడికి పో."