మెడ మీద ముడతల మాస్కు

పడమటి ఆఫ్రికాలో ఒక ఊరి పెద్ద తన భుజం మీది నీలిచారల బట్ట తీసి నా భుజాన కప్పాడు. నల్లటి కొయ్యమాస్కు ఒకటి తెప్పించి, "ఇది మా ఇంటి సొత్తు, ఇక నీది" అన్నాడు. చర్ల అవతల ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఈ సంగతి చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు నిజం చెబుతా. నేను సియెర్రా లియోన్ పోయింది బోరుబండి మీద ఫిట్టరుగా. ఊరి పెద్దలు వచ్చేవారు, నీళ్ళు పడ్డాయో లేదో చూడటానికి. మాస్కూ బట్టా తిరుగు ప్రయాణం ముందు బజారులో బేరమాడి కొన్నవే.

ఆ బడిలో నా కూతురు టీచరు. "నాన్నా, బట్ట గురించి, మాస్కు గురించి, అక్కడ అందమంటే ఏందో చెప్పు. గొప్పలు మాత్రం వద్దు" అని ముందే అన్నది. తండ్రి సంగతి దానికి తెలుసు.

బట్ట దాకా బాగానే నడిచింది. బెత్తెడు వెడల్పు పట్టీలు నేసి, పక్కపక్కన పెట్టి కుట్టి, దుప్పటంత చేస్తారు. పిల్లలు వేళ్ళతో తడిమి కుట్లు పట్టుకున్నారు. "ఒకటే ఎడల్పుగ నేయరాదా తాతా?" అని ఒక పిల్ల. "మగ్గం చిన్నది బిడ్డా" అన్నా. అంతకు మించి నాకూ తెలియదు.

తర్వాత మాస్కు తీశా. తల మొత్తం పట్టేది. నిగనిగలాడే నలుపు, పెద్ద నుదురు, మూసుకున్న చిన్న నోరు, మెడ చుట్టూ ముడతలు. "అక్కడ అందమంటే ఇదే. నలుపు మెరవాలె, మెడ మీద ముడతలుండాలె" అన్నా. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి వచ్చి, "నేను పెట్టుకోనా?" అని చేతులు చాపింది. పగలగొడుతుందేమోనని నాకు భయం. "ఆడోళ్ళు ముట్టొద్దు, అరిష్టం" అన్నా. అప్పటికప్పుడు నోట్లో పుట్టిన మాట. కొమ్ముల తలపాగా కట్టి మగవాళ్ళే కొమ్మునాట్యం ఆడే కోయగూడేల పిల్లలు, మారుమాట లేకుండా నమ్మారు. ఆ పిల్ల వెనక్కి పోయి కూర్చుని ఏడ్చింది.

పినపాకలో ఇంటికి వచ్చాక నా కూతురు ఫోన్‌లో వీడియో చూపించింది. అదే మాస్కు. పెట్టుకుని ఆడుతున్నది ఆడవాళ్ళు. అది వాళ్ళ సంఘం మాస్కేనట. "నువ్వున్న దేశమే నాన్నా" అన్నది, అంతే.

బోరు వేసేచోట బిందెలతో ఎంతమంది ఆడవాళ్ళు నిలబడేవారో. ఒక్కరినీ ఏమీ అడగలేదు. బజారులో ధర అడిగా. పైగా వాళ్ళ సొమ్మును పట్టుకొచ్చి, ఇక్కడి ఆడపిల్లకు ముట్టరాదన్నా. ఆ ఎండాకాలమంతా ఆ చాపిన చేతులే కళ్ళ ముందు. వెంటనే పోయి చెబుదామంటే సెలవులు, ఆపైన వానలు, రోడ్డు కొట్టుకుపోవడం.

దారి బాగయ్యాక మాస్కు సంచిలో పెట్టుకుని కూతురితో పోయా. ఆ పిల్ల ఇప్పుడు పదోతరగతి. వరండాలోకి పిలిపించి, "బిడ్డా, అక్కడి ఊరి పెద్దకు ఫోన్ చేసి అడిగిన. ఆడోళ్ళే పెట్టుకోవాలంట" అన్నా.

నా కూతురు నా వైపు చూసింది.

"ఫోన్ లేదు, ఏం లేదు. ఆ రోజు నీకు అబద్ధం చెప్పిన. నేను వద్దన్నందుకే ఏడ్చినవ్, నాకు తెల్సు. ఇగో, పెట్టుకో."

ఆ పిల్ల చేతులు చాపలేదు.

"దానికి ఏడ్వలే తాతా. నువ్వు అన్నానికి పోయినంక అందరం తలా ఒకసారి పెట్టుకున్నం."

"మరి దేనికి ఏడ్చినవ్?"

"ఎనక్కి పోయేటప్పుడు, మా అమ్మమ్మ మెడ గూడ గిట్లనే ఉంటదని నేనన్న. క్లాసంత నవ్విండ్రు. అందరికంటె గట్టిగ నవ్వింది నువ్వే."