తారీకు మంగళవారానిది

గురువారం, మలాజ్, రియాద్.

మనమంతా 'వకీలు తమ్ముడు' అని పిలుచుకునే మనిషి ఢిల్లీ ఆస్పత్రిలో పోయాడన్న కబురు ఆదివారం ఉదయం వచ్చింది. పదకొండు రోజులైనా ఆగి ఇక్కడి మనవాళ్లందరికీ రాసేదాన్ని. నిన్న చూసిన ఉత్తరం ఆగనివ్వలేదు.

వరంగల్‌లో లా చదివి, ఇక్కడ ఒక అరబ్బు వకీలు ఆఫీసులో అనువాదకుడిగా చేరాడు. పదకొండేళ్లు మా కింది వాటాలో ఉన్నాడు. శుక్రవారాలు మా హాల్లో పనివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు. రాసింది చదివి వినిపించి, "ఇప్పుడు నువ్వు చెప్పు, దీంట్ల ఏమున్నది?" అని అడిగేవాడు. తిరిగి చెప్పలేనివాళ్ల వేలిముద్ర పడనిచ్చేవాడు కాదు. నేను తప్పులు దిద్దితే, "ఒత్తులు దిద్దుతవు గని చాయ్ మాత్రం పొయ్యవు గదక్కా" అనేవాడు. పోసేదాన్ని.

ఒకసారి ఒక వెల్డరు ఖాళీ కాగితం మీద ముందే వేలిముద్ర వేసి తెచ్చాడు. "మీరు రాసుకోండ్రి సార్, మీ మీద నమ్మకం."

"రేపు నేను సస్తే ఎట్లరా?" అని దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. అందరం నవ్వాం.

తర్వాత ఊరికి పోయి ఎన్నికల్లో నిలబడి పార్లమెంటుకు వెళ్లాడు. అయినా ఇక్కడి ఫోన్లు ఎత్తేవాడు. కిందటేడు వచ్చినప్పుడు, అదే హాల్లో, పీఏ లెటర్‌హెడ్ల కట్ట ముందు పెట్టాడు. తమ్ముడు ఒక్కొక్కదాని అడుగున సంతకం పెడుతూ పోయాడు. పైన అంతా ఖాళీ.

"ఇదేం పని తమ్ముడూ?"

"దినాం గంపెడు ఉత్తరాలక్కా. కూసోని చదువుడు అయితదా?"

ఊరుకున్నాను. అది నా తప్పు.

ఇక్కడే దక్షిణాన ఖమీస్ ముషైత్ ఊళ్లో ఒక మేస్త్రీకి మూడో అంతస్తు నుంచి పడి నడుము విరిగింది. తమ్ముడు ఫిర్యాదు పెట్టించాడు. అది తేలేదాకా కంపెనీ వైద్యం చేయించాలి. నిన్న మేస్త్రీ బావమరిది, కంపెనీ వాళ్లు చూపించిన ఉత్తరాన్ని ఫొటో తీసి పంపాడు. మేస్త్రీ ఫిర్యాదు వదులుకున్నాడట, ఎగ్జిట్ వీసా కొట్టి ఇండియాకు పంపేయవచ్చట. సంతకం తమ్ముడిదే. తారీకు మంగళవారానిది. పోయిన రెండు రోజులకు.

పీఏకి ఫోన్ చేశాను. "అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"లెక్క పెట్టలేదు మేడం." ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఇక జరగాల్సినవి:

1. మేస్త్రీని సోమవారం విమానం ఎక్కిస్తారట. శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు కాబట్టి, ఆదివారం ఎంబసీ తెరవగానే ఆ ఉత్తరం పక్కన మరణ ధ్రువపత్రం పెట్టాలి. నేను వెళ్తున్నాను. నకలు తమ్ముడి భార్య పంపుతోంది.

2. అప్పటిదాకా మేస్త్రీ ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకూడదు.

3. తమ్ముడి సంతకంతో మీకేది అందినా, ముందు తారీకు చూడండి.

4. ఆ కట్ట దొరకాలి. నేను చూసిన రోజు నాలుగు వేళ్ల మందం ఉంది. ఫ్యాను గాలికి పై కాగితం లేస్తుంటే, తమ్ముడు దాని మీద చాయ్ గ్లాసు పెట్టాడు.