చిన్నమ్మ జాగ

పొద్దున తొమ్మిదికే గోదావరిఖనిలో ఎండ మండుతోంది. మొదటి షిఫ్టులో, గనిలో బొగ్గు మోసే బెల్టు తెగితే అతికిస్తుంటే చిన్నమ్మ పోయిందని ఫోనొచ్చింది. అతుకు పూర్తిచేసి, చేతులు కడుక్కొని ఇంటికి వెళ్లాను.

చిన్నమ్మంటే అమ్మకు చెల్లెలు. ఓపెన్‌కాస్టు గని తవ్వకం కింద ఊరు పోయాక మా క్వార్టర్‌లోనే ఉండిపోయింది. ఊరు చూసొద్దామంటే, "గుంత సూస్తే ఏమొస్తది" అనేది.

నేనూ, నాతో పనిచేసే సదన్నా కంప్యూటర్‌లో దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే ఆట ఆడేవాళ్లం. తెలియనివాళ్లకు చెబుతాను: అది ఉచితంగా దొరికే ఆట. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. కావలసినవి ఎవరైనా రాసి కలుపుకోవచ్చు. చిన్నమ్మ కొంగుతో తెరమీది దుమ్ము తుడిచి, పక్కన కూర్చుని చూసేది. ఒకరోజు ఒంటివేలితో మొదలుపెట్టి తన ఇల్లు కట్టుకుంది. ముందు అరుగు, వెనక బర్రెల కొట్టం.

మర్నాటికి సదన్న బొగ్గు కోసం ఆ అరుగు తవ్వేశాడు.

"ఆటనే గదా చిన్నమ్మా, ఇంకోకాడ కట్టుకో."

"అప్పుడు సుత గిదే మాటన్నరు," అంది. ఆ పూట అన్నం తినలేదు.

ఎవరో రాసిన మాడ్, అంటే ఆటకు కలుపుకునే కోడ్, ఒకటి దొరికింది. జాగలో ఒక రాయి పాతితే, పాతిన మనిషి తప్ప దాని చుట్టుపక్కల ఇంకెవరూ తవ్వలేరు. అది చేర్చి, ఆమె అరుగు మళ్లీ కట్టుకున్నాక ఆమె పేరున రాయి పాతించాను. నమ్మలేదు. నన్నే తవ్వి చూపమంది. గునపం దిగలేదు.

"ఆఫీసరొస్తే?"

"దిగది."

"కలెక్టరొస్తే?"

"దిగది చిన్నమ్మా."

అప్పుడు నవ్వింది. తవ్వబోయినవాళ్లకు ఇంగ్లీషులో కనపడే మాట తీయించి, తన మాట పెట్టించింది: "నడువుండ్రి. తవ్వకుండ్రి." దారి మాత్రం ఎవరికీ మూయలేదు.

సదన్న వదల్లేదు. "బంగారం దిమ్మెలిస్త. నీ ఇంటికింద మస్తు బొగ్గున్నది."

"ఒకపారి ఇచ్చిన, సాలు. పోయి మీ అత్తగారి జాగ తవ్వుకో."

నాకు ఎవరినీ కాదనడం రాదు. కొంచెమైనా వచ్చిందంటే ఆమెను చూసే.

దినాలైన మర్నాడు సదన్న వచ్చాడు. "మనిషే లేదు. ఆ రాయి తీసెయ్యి తమ్మీ."

ఆట నడిచేది నా కంప్యూటర్ మీదే. నేను తలుచుకుంటే తీసేయవచ్చు.

"పోయింది గని, ఇస్తనని పోలె గదా అన్నా," అన్నాను.

"నువ్వు సుత ఆమె తీర్గనే తయారైనవ్!"

సాయంత్రం తన ఇంటి నుంచి ఆటలోకి వచ్చాడు. రాయి చుట్టూ తిరిగాడు. గునపంతో రెండుసార్లు కొట్టి, రెండుసార్లూ తెరమీద చిన్నమ్మ మాటే రాగా, అరుగు ముందు కాసేపు నిలబడ్డాడు.

ఏడుంబావుకు సదన్న ఆటలోంచి వెళ్లిపోయాడు.