కుట్టుకి వదిలిన రెండంగుళాలు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. ముప్పై ఏళ్లుగా అదే గదిలో, అదే కిటికీ పక్కన, అదే మిషను మీద కుడుతోంది. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకముందే భుజం ఎంతో నడుము ఎంతో చెప్పేస్తుంది. అయినా టేపు పెట్టి కొలుస్తుంది. కొలిచాక ఆ అంకెకు కాస్త కలుపుతుంది. కుట్టుకి కొంత, ఉతికితే బట్ట ముడుచుకుంటుందని కొంత, మనిషి రేపు ఒళ్లు చేస్తుందేమోనని ఇంకొంత. ఎందుకమ్మా అంత అని ఎవరైనా అడిగితే, "విప్పుకోవడానికి బట్ట ఉండాలిగా" అంటుంది. ఆ కలపడం ఆమె చేతికి ఎంతగా అలవాటైపోయిందంటే, కలుపుతున్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

ఆమె కుట్టేవాటిలో ఒక్కటి మాత్రం గుమ్మం ముందు వేలాడదీయదు. దాన్ని ఆమె "జత" అంటుంది. జబ్బు చేసి ఒక రొమ్ము తీసేయించుకున్న ఆడవాళ్లు లోపల పెట్టుకునే మెత్తటి గుడ్డ దిండు అది. ఉన్నదానికి జత అన్నమాట. మొదటిది అక్క కోసం కుట్టింది. ఆపరేషను అయ్యాక అక్క ఏడాదిన్నర గడప దాటలేదు. ఎవరైనా వస్తే సంచో, తువ్వాలో, ఏదో ఒకటి గుండెకు హత్తుకుని కూర్చునేది. ఆ రోజుల్లో తీసిన ఒకే ఒక్క ఫొటోలో కూడా ఒళ్లో చిన్న పిల్లను పట్టుకున్నట్టు ఒక దిండు పట్టుకుని ఉంటుంది. ఆ ఫొటో టైలరమ్మ దగ్గరే ఉంది. గోడకు మాత్రం పెట్టలేదు.

మొదటి జత స్పాంజితో చేసింది. తేలికగా ఉందని మురిసిపోయింది గానీ, అక్క చెయ్యెత్తగానే అది మెడ దాకా పాకింది. అక్కచెల్లెళ్లిద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. అందులో నవ్వు ఎంతో ఏడుపు ఎంతో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. మూడోసారి దూది కూరి, వెనకవైపు ఒక చిన్న సంచిలో నున్నటి గాజుపూసలు పోసి కుట్టింది. బరువుంటేనే అది ఉండాల్సిన చోట ఉంటుందని అప్పుడు అర్థమైంది. అది పెట్టుకుని అక్క వీధి చివరి దాకా నడిచి వచ్చింది. వచ్చి, "భుజాలు రెండూ సమంగా ఉన్నాయా చూడు" అంది. ఉన్నాయి. తర్వాత నాలుగేళ్లు బతికింది.

ఆన్‌లైన్లో అమ్ముదామన్న ఆలోచన అక్క కూతురిది. "అమ్మలాంటి వాళ్లు ఎంతమంది ఇళ్లల్లో కూర్చున్నారో పిన్నీ. వాళ్లు నీ గుమ్మం దాకా రాలేరు. నువ్వే వెళ్లాలి" అంది. ఆ పిల్ల ఒక ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కూర్చుని షాపు తయారుచేసింది. ఫొటోలు, సైజులు, ఎడమా కుడీ, అన్నీ పెట్టింది. చివరికి మిగిలింది పంపడానికయ్యే ఖర్చు. అక్కడ ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. దగ్గరి ప్రాంతాలకు ఒకటే రేటు కాబట్టి గొడవ లేదు. దూర ప్రాంతాలకు మాత్రం కొరియరు వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి తక్కెడలో తూగేది. రెండోది డబ్బా పొడవునీ వెడల్పునీ ఎత్తునీ సెంటీమీటర్లలో గుణించి, ఐదు వేలతో భాగిస్తే వచ్చేది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి, అరకిలోకి ఇంత అని డబ్బు.

"అంటే ఖాళీకి కూడా డబ్బులా?" అంది టైలరమ్మ.

"బండిలో చోటు ఆక్రమిస్తుంది కదా పిన్నీ. సరే, డబ్బా కొలతలు చెప్పు, నేను సెంటీమీటర్లలోకి మార్చుకుంటా."

టైలరమ్మ మెడలోని టేపు తీసి డబ్బాకు పెట్టింది. "ఎనిమిదంగుళాలు, ఎనిమిది, ఆరు" అంది. అక్క కూతురు టైపు చేసుకుంది. అంతా అయ్యాక ఒక దూరపు ఊరి చిరునామా పెట్టి చూస్తే, జత ధరకు రెండింతలు పంపే ఖర్చే చూపించింది. "దూరం కదా, దోచుకుంటారు" అని నిట్టూర్చి ఊరుకుంది ఆ పిల్ల.

దగ్గరి ఊళ్ల నుంచి ఆర్డర్లు బాగానే వచ్చాయి. దూరం నుంచి ఎనిమిది నెలల్లో ఒక్కటీ రాలేదు. వస్తువు ఎంచుకుని కూడా కొనకుండా వదిలేసినవాళ్ల బుట్టలు ఫోనులో ఒకచోట కనిపిస్తాయని అక్క కూతురు చూపించింది. టైలరమ్మ రోజూ పొద్దున్నే మిషను ముందు కూర్చోబోతూ అది తెరిచేది. అక్కడ ఒకావిడను గుర్తుపట్టింది. పేరు రాయాల్సిన చోట ఒక్క అక్షరం. ఎక్కడో దూరపు ఊరు. ఎడమ వైపు, నాలుగో సైజు. బుట్టలో వేసుకుంటుంది, చిరునామా దాకా వస్తుంది, వెళ్లిపోతుంది. వారం తిరిగేసరికి మళ్లీ వస్తుంది. అలా ఏడుసార్లు.

"ఒక్క మెయిలు పంపనా, మీ బుట్టలో వస్తువు ఉండిపోయిందని? అందరూ పంపుతారు" అంది అక్క కూతురు.

"వద్దే. మీ అమ్మ దాన్ని బీరువాలోంచి తీసి చూసుకుని మళ్లీ పెట్టేసేది, ఎన్నిసార్లో. సిగ్గుపడే మనిషిని వెంటపడి తరమకూడదు. మనసు కుదుటపడ్డాక ఆవిడే తీసుకుంటుంది."

ఏడోసారి తర్వాత ఆవిడ రాలేదు. మనసు కుదుటపడి ఇంకెక్కడైనా కొనుక్కుని ఉంటుందిలే అని టైలరమ్మ సర్దిచెప్పుకుంది.

పార్సిళ్లు తీసుకెళ్లే కొరియరాయన నెరిసిన జుట్టు మనిషి, మాట తక్కువ. ఒకరోజు మధ్యాహ్నం ఆయన జేబులోంచి కొత్త సెంటీమీటర్ల టేపు తీశాడు. ఇకనుంచి ప్రతి డబ్బా కొలిచి రాయాలట, ఆఫీసు వాళ్ల రూలు. డబ్బాను బల్ల మీద పెట్టి, "పదిహేను, పదిహేను, పది" అని రాసుకోబోయాడు.

"కాదండీ, ఇరవై, ఇరవై, పదిహేను. మా అమ్మాయి లెక్క కట్టింది" అంది టైలరమ్మ.

"టేపు ఇదిగోనమ్మా. మీరే చూడండి."

ఆమె తన టేపు పెట్టింది. ఆరంగుళాలు, ఆరు, నాలుగు. ఒకటికి రెండుసార్లు చూసింది. "కుట్టుకి వదిలానండీ" అంది నెమ్మదిగా.

"డబ్బాని విప్పి మళ్లీ కుడతారేంటమ్మా?" అన్నాడాయన. ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన వెళ్లిపోయాక ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, ఎందుకుందో తెలియకుండా. కాసేపటికి దూరప్రాంతాల లెక్క గుర్తొచ్చి అక్క కూతురికి ఫోను చేసింది.

ఆదివారం అక్క కూతురు వచ్చి లెక్క మళ్లీ కట్టింది. ఉన్నదున్నట్టు కొలిస్తే అరకిలో లోపే. రెండేసి అంగుళాలు కలిపితే కిలో దాటి, మూడు అరకిలోల డబ్బు. "మూడింతలు చూపించాం పిన్నీ" అంది. పిన్నిని చూసి గొంతు తగ్గించింది. "తప్పు నాదీ ఉంది. నేను కొలిచి చూడలేదు."

"ఆవిడ ఏడుసార్లు వచ్చిందే" అంది టైలరమ్మ. "సిగ్గనుకున్నాను. నేనే తలుపు వేసి పెట్టి, లోపల కూర్చుని, పాపం సిగ్గుపడుతోందనుకున్నాను."

ఆ సాయంత్రం ఆవిడకు రాయాల్సింది టైలరమ్మ చెబుతుంటే అక్క కూతురు టైపు చేసింది. జరిగింది జరిగినట్టు రాయించింది. కుట్టుకి వదిలిన సంగతీ దాచలేదు. ఖర్చు ఇప్పుడు మూడో వంతే అనీ, ఆలస్యానికి క్షమించమనీ రాయించింది. రెండు రోజులకు జవాబు వచ్చింది.

"అమ్మా, నేను బేరం ఆడే మనిషిని కాను. డబ్బు ఎలాగో కూడబెట్టేదాన్నే. కానీ వస్తువు కంటే పంపడానికి అంత ఎక్కువ చూసి, మా అంత దూరం వాళ్లు అడగకూడదని మర్యాదగా చెబుతున్నారేమో అనుకున్నాను. అయినా రేటు మారుతుందేమోనని మళ్లీ మళ్లీ చూసేదాన్ని. మా అమ్మాయి పెళ్లికి కావాలనుకున్నాను. పెళ్లి అయిపోయి రెండు నెలలైంది. ఫొటోల్లో నిలబడమని పిల్ల బతిమాలింది. నేను వంటవాళ్ల దగ్గర పని ఉందని చెప్పాను. ఒక్క ఫొటోలో పడ్డాను, వచ్చినవాళ్లు ఇచ్చిన పూలగుత్తి గుండెకు పట్టుకుని. మీరేం బాధపడకండి. ఇప్పుడైనా పంపండి, పెట్టుకుంటాను."

అక్క కూతురు చదవడం ఆపింది. టైలరమ్మ లేచి, బట్టల అర అడుగున ఉన్న అక్క ఫొటో తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. ఒకావిడ పూలగుత్తి పట్టుకుంది, ఇంకొకావిడ దిండు పట్టుకుంది. అక్క విషయంలో తాను చెయ్యగలిగింది చేసింది. పూలగుత్తి ఆవిడకు ఆ అన్యాయం దేవుడూ చెయ్యలేదు, జబ్బూ చెయ్యలేదు, తానే చేసింది. ఆ మాట అక్క కూతురితో పైకే అంది. ఆ పిల్ల కాదనలేదు, చెయ్యి మాత్రం పట్టుకుంది.

"ఊరికే పంపేద్దామా పిన్నీ?"

"వద్దు. మళ్లీ మొహమాటపడుతుంది. ఎంతైతే అంతే తీసుకో."

ఎడమ వైపు, నాలుగో సైజు. ఆ ఒక్క జతకు ఆమె రెండు రోజులు తీసుకుంది. పూసలు నాలుగుసార్లు కడిగింది. అంచు కుట్టు విప్పి మళ్లీ వేసింది. డబ్బాలో పెట్టాక టేపు పెట్టి, "ఆరు, ఆరు, నాలుగు" అని చెప్పి పెదవులు గట్టిగా మూసుకుంది, ఇంకేదైనా నోట్లోంచి వస్తుందేమోనని.

దూరపు ఊళ్ల నుంచి వచ్చి వెనక్కి పోయినవాళ్లు ఇంకా పదకొండు మంది తేలారు. వాళ్లందరికీ అదే ఉత్తరం రాయించింది. ఐదుగురు తెప్పించుకున్నారు. ఆరుగురి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మెయిలు చూసుకోలేదేమో, వేరేచోట కొనుక్కున్నారేమో అంటుంది అక్క కూతురు. మూడో మాట ఇద్దరూ అనరు.

ఆ ఆరుగురి సైజులు టైలరమ్మకు నోటికి వచ్చు. ఆరు జతలూ కుట్టి, పూసలు పోసి, అక్క ఫొటో ఉన్న అరలోనే పెట్టింది. పొద్దున్నే మిషను ముందు కూర్చోబోతూ ఇప్పటికీ ఫోను తెరుస్తుంది.