వయసు గడి దగ్గర ఆగిపోయిన కర్సరు

వీరవేణి వాళ్ళది కాకినాడ జగన్నాథపురం. తండ్రి పోతురాజు హార్బరులో మరబోటు మీద పనిచేసేవాడు. తల్లి చేపలు అమ్మేది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి వీరవేణే. డిగ్రీ అయ్యాక భానుగుడి సెంటర్లో కంప్యూటర్ కోర్సు చేసింది. కొన్నాళ్ళు అక్కడే పిల్లలకి పాఠాలు చెప్పింది. తర్వాత సినిమా రోడ్డులో ఉదయభాస్కర్ గారి ఆఫీసులో ప్రోగ్రామరుగా చేరింది. ఆఫీసంటే ఎరువుల కొట్టు మీద రెండు గదులు. ఎండాకాలం వస్తే కింద బస్తాల ఘాటు మెట్లెక్కి పైకొచ్చేది. రైసు మిల్లులకీ, రొయ్యల కంపెనీలకీ, మందుల షాపులకీ అక్కడ ప్రోగ్రాములు రాసి ఇచ్చేవారు.

"మీ అమ్మాయి ఏం పని సేత్తందిరా?" అని బోటు మీద ఎవరైనా అడిగితే, "కంప్యూటర్లో గడులు కడతాది" అని గర్వంగా చెప్పేవాడు పోతురాజు. ఒకసారి ఆఫీసుకొచ్చినప్పుడు ఆయనకి తెరమీద కనిపించినవి అవే. ఆయన మాటలో తప్పేం లేదు. పేరుకో గడి, ఊరుకో గడి, ఫోను నంబరుకో గడి పెట్టి, ఒక గడి నిండగానే మిణుకుమిణుకుమనే కర్సరు గీత పక్క గడిలోకి వెళ్ళేలా చూడడం వీరవేణి పనిలో సగం. ఆ గీత ఏ గడిలో ఉంటే కీబోర్డు మీద కొట్టిన అక్షరాలు ఆ గడిలోనే పడతాయి. దాన్ని ప్రోగ్రామర్లు ఫోకస్ అంటారు.

2001 వేసవిలో ఊళ్ళో ఒక ధర్మ కంటి ఆసుపత్రికి రోగుల వివరాలు రాసుకునే ప్రోగ్రాము చేసిచ్చింది వీరవేణి. మొదటినించీ చివరిదాకా తనొక్కతే రాసిన మొదటి ప్రోగ్రాము అది. ఆఫీసులో పదిసార్లు పరీక్షించింది. తనకి తెలిసిన వాళ్ళ పేర్లన్నీ కొట్టి చూసింది. ఎక్కడా ఆగలేదు. ఆసుపత్రి కౌంటరులో పెట్టి, అక్కడి క్లర్కు శ్యామలాంబకి నేర్పి వచ్చేసింది.

శ్యామలాంబకి యాభై దాటాయి. చాలా ఏళ్ళు టైపు మిషను మీద పనిచేసిన మనిషి. భర్త పోయాక ఆసుపత్రిలో చేరింది. వేళ్ళు కీబోర్డు మీద చకచకా కదులుతుంటే, చూపు మాత్రం ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం మీద ఉండేది.

ఒక సోమవారం ఆవిడ దగ్గరినించి ఫోనొచ్చింది.

"వీరవేణమ్మా, నేను కంటాసుపత్రి శ్యామలాంబనండి. మీకు వీలైతే ఒకసారి వస్తారా? నాకు చేతకావట్లేదండి."

గొంతు అదోలా ఉంది. వీరవేణి ఆటో ఎక్కి వెళ్ళింది. మధ్యాహ్నం కాబట్టి కౌంటరు దగ్గర జనం లేరు. శ్యామలాంబ కుర్చీ పక్కకి లాక్కుని కూర్చుని ఉంది. కంప్యూటర్ తెరమీద 'ఎంటర్ ఏజ్' అని ఒక చిన్న పలక నిలబడి ఉంది. వీరవేణి ఓకే నొక్కింది. 'ఎంటర్ విలేజ్' అంటూ ఇంకో పలక లేచింది. దానికీ ఓకే నొక్కింది. మళ్ళీ 'ఎంటర్ ఏజ్'. ఎన్నిసార్లు నొక్కినా అంతే. వయసు అడిగిన గడి కర్సరుని తన దగ్గరికి లాక్కుంటోంది. ఊరు అడిగిన గడి దాన్ని మళ్ళీ తనవైపు లాక్కుంటోంది. మధ్యలో అక్షరం కొట్టే సందే దొరకట్లేదు.

"ఇలా ఎప్పటినించండీ?"

"మొదటి వారం నించీనమ్మా." శ్యామలాంబ తల దించుకుంది. "నేనే ఏదో తప్పు నొక్కేస్తన్నాననుకున్నాను. స్విచ్చి ఆపేసి మళ్ళీ వేసేదాన్ని. తర్వాత ఇంకోటి కనిపెట్టాను. వయసు దగ్గర ఒకటి అని వేసేస్తే పోనిస్తంది. అలాగే కానిచ్చేశాను. ఇవాళ పొద్దున్న డాక్టరు గారు పిలిచారు. ఏడాది పిల్లలకి శుక్లాలేంటండీ అన్నారు. అందరి ముందూనమ్మా."

కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

వీరవేణికి తప్పెక్కడుందో అప్పుడే అర్థమైంది. కర్సరు ఒక గడి వదిలి వెళ్ళిపోయాక ఆ గడి ఖాళీగా ఉందేమో చూడమనీ, ఉంటే వెనక్కి లాక్కురమ్మనీ రాసింది తను. కాని అప్పటికే కర్సరు పక్క గడిలో కాలు పెట్టేసి ఉంటుంది. వెనక్కి లాగగానే, ఆ పక్క గడి "నన్ను ఖాళీగా వదిలేశారు" అని అది కూడా లాగుతుంది. తను పరీక్షించేటప్పుడు ఒక్క గడీ ఖాళీగా వదల్లేదు. అందుకే బయటపడలేదు.

"మీ తప్పేం లేదండీ. నేను రాయడంలో పొరపాటు చేశాను" అంది.

శ్యామలాంబ ఆ మాట నమ్మనట్టు చూసింది. "నిజంగానా? నా మనసు కుదుటపడ్డానికి చెప్పట్లేదు కదా?"

"నిజంగానండీ. ఇది ఎవరు కొట్టినా ఇలాగే అవుద్ది. చూడండి, నేను కొడతాను." గడులు ఖాళీగా వదిలేసి టాబ్ నొక్కి చూపించింది. పలకలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. శ్యామలాంబ ఆ రోజు మొదటిసారి నవ్వింది. క్యారేజీలోంచి పులిహోర తీసి, వద్దన్నా వినకుండా మూతలో పెట్టి ఇచ్చింది.

మర్నాడు వీరవేణి దాన్ని సరిచేసింది. గడి నిండకుండా కర్సరు అసలు బయటికే పోకుండా ఆపేసింది. పుస్తకాల్లో చెప్పే పద్ధతి అదే. ఉదయభాస్కర్ చూసి బాగుందన్నాడు. కాని శ్యామలాంబ తల దించుకుని కూర్చున్న తీరు వీరవేణికి గుర్తుండిపోయింది. ఈసారి పెట్టేసి వచ్చేయకుండా, పొద్దున్నే వెళ్ళి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

ఉప్పాడ వైపునించి బస్సు వచ్చాక కౌంటరు ముందు వరస గుమ్మం దాటింది. కాసేపు పని సాఫీగా సాగింది. తర్వాత ఒక ముసలావిడ వచ్చి కౌంటరు చెక్క పట్టుకుని నిలబడింది. ఎండకి కమిలిన మొహం. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర.

"పేరేంటమ్మా?"

"నూకరత్నం."

"వయసు?"

"నాకేం తెలుత్తాదమ్మా. ఎప్పుడో పుట్టేను."

శ్యామలాంబ తర్వాతి గడికి వెళ్ళబోయింది. కర్సరు కదల్లేదు. మళ్ళీ నొక్కింది. వద్దనుకుని క్యాన్సిల్ నొక్కింది. అదీ పనిచెయ్యలేదు. వయసు చెప్తేనే గాని బయటికి పోవడానికి కూడా దారి లేదు. వీరవేణికి అప్పుడు తట్టింది. క్యాన్సిల్ బటన్ని ఆ నిబంధన నించి తప్పించడం తను మర్చిపోయింది.

వెనకనించి ఎవరో విసుక్కున్నారు. "వయసు కూడా తెలీకుండా ఆసుపత్రికెలా వచ్చేవమ్మా? తప్పుకో, మాకు బస్సు పోద్ది."

ముసలావిడ మొహం చిన్నబోయింది. "వయసు తెలీనోళ్ళకి కళ్ళు సెయ్యరేమో" అని తనలో తనే అనుకుంటూ చెక్క వదిలేసింది. గోడ తడుముకుంటూ బయటికి నడిచింది.

"అమ్మా, ఆగండి!" శ్యామలాంబ లేవబోయింది. కాని వరస మీదికి తోసుకొచ్చింది, తెర బిగుసుకుపోయి ఉంది. వీరవేణి ఇంకేం ఆలోచించలేదు. కంప్యూటర్ని ఆపి మళ్ళీ వెయ్యమని ఆవిడకి చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది.

నూకరత్నం బస్సుల దగ్గర, వేడెక్కిన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. వచ్చిన ప్రతి బస్సు చప్పుడుకీ తలెత్తి, "ఉప్పాడేనా బాబూ?" అని అడుగుతోంది.

వీరవేణి పక్కన కూర్చుంది. "మామ్మా, లోపలికి రా. కళ్ళు చూపించుకుందువు గాని."

"ఎవరే నువ్వు?"

"ఆ కంప్యూటర్ నేనే తయారుచేశాను. అదే నిన్ను అడ్డుకుంది."

"కంప్యూటర్ సేసేవా!" నూకరత్నం ఆశ్చర్యపోయింది. "ఎవరమ్మాయివి?"

"జగన్నాథపురం. పోతురాజు కూతుర్ని. మా నాన్న బోటు మీదెళ్తాడు."

"అయితే మనోళ్ళే" అని చెయ్యి చాపి వీరవేణి మొహం తడిమింది. ఆ వేళ్ళకి ఎండుచేపల వాసన. వీరవేణి చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో నిద్రపోయిన వాసన అది. ఇంటినించి బయటికొచ్చేటప్పుడు రోజూ సబ్బుతో రుద్ది వదిలించుకునే వాసన. ఆ వేళ్ళని ఆమె అలాగే ఉండనిచ్చింది.

"కూతురి బలవంతం మీద వచ్చేనమ్మా. సేపలు సేతికి తెలుత్తాయి గానీ, దాని పిల్లోడి మొహం నాకు కనపడట్లేదు. పుట్టి ఏడాదవుతంది."

ఇద్దరూ కలిసి వెనక్కి వచ్చారు. వరస తగ్గేదాకా నూకరత్నాన్ని బల్ల మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. తర్వాత శ్యామలాంబ కౌంటరులోంచి లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"అరవైతొమ్మిదిలో పెద్ద తుఫానొచ్చింది కదమ్మా, అప్పటికి నీకు పెళ్ళైందా?"

"అయ్యిందమ్మా. నా పెద్దోడు సంకలో ఉన్నాడు. ఆడికి ముందు ఇద్దరు పుట్టి పోయేరు."

"పెళ్ళికి ఎంతుంటాయి? సమర్తాడేవా?"

"ఆడిన ఏడే సేసేరు."

శ్యామలాంబ వేళ్ళు మడుస్తూ లెక్కకట్టింది. "అంటే తుఫానుకి నీకు ఇరవైనాలుగో ఐదో ఉంటాయి. ఇప్పుడు యాభై ఆరు వేసుకుందాం."

"యాభై ఆరా?" నూకరత్నం నోరు తెరిచింది. "నేను డబ్బై దాటిపోయేననుకుంటన్నానే! మా ఆయన పోయినకాడినించీ ముసల్దాన్నే అనుకుంటన్నాను." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "శానా ఉందయితే ఇంకా."

"నాకంటే రెండేళ్ళే పెద్ద" అంది శ్యామలాంబ మెల్లగా.

ఆ సాయంత్రం ఉదయభాస్కర్ దగ్గర వీరవేణి పెద్ద వాదనే పెట్టుకుంది.

"వయసు తప్పనిసరి అని వాళ్ళే అడిగారు కదమ్మా" అన్నాడాయన.

"అడిగారు సార్. కాని అదే క్షణంలో చెప్పి తీరాలని అడగలేదు. తెలిసినవి ముందు కొట్టుకోనిద్దాం. చివర్లో సేవ్ చేసేటప్పుడు ఏ గడి ఖాళీగా ఉందో చూసి, కర్సరుని దాని దగ్గరికి తీసుకెళ్దాం. అప్పటికి శ్యామలాంబ గారు మాట్లాడి కనుక్కుంటారు. వయసు పక్కన 'సుమారు' అని ఒక గుర్తు కూడా పెడదాం."

"మధ్యలో అడ్డుకోకపోతే తప్పులు కొడతారేమో?"

"అడ్డుకున్నందుకే కదా సార్, అందరికీ ఏడాది వయసు పడింది."

ఉదయభాస్కర్ పెన్ను మూత పెట్టేశాడు. "సరే, అలాగే చెయ్యి. నేను కూడా వస్తాను, అక్కడ కూర్చుని చూద్దాం" అన్నాడు.

ఆ మార్పు తర్వాత ఆసుపత్రి నించి ఫోన్లు ఆగిపోయాయి. వీరవేణి మాత్రం వెళ్ళడం మానలేదు. నూకరత్నానికి ముందు కుడికంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పే రోజున కూతురు పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. పిల్లాడు కొత్తచోటు చూసి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. నూకరత్నం వాడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. వాడి ముక్కు తుడిచి, మళ్ళీ చూసింది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ వీరవేణి వైపు తిరిగింది.

"కంప్యూటరమ్మాయివి నువ్వేనా? గొంతు ఇని పెద్దదానివనుకున్నాను. ఇంత పిల్లవేంటే!"

శ్యామలాంబ, వీరవేణి అప్పటినించీ స్నేహితులయ్యారు. శ్యామలాంబకి పిల్లల్లేరు. వీరవేణి పెళ్ళి మాటలప్పుడు పోతురాజు ఆవిడ సలహా అడగడానికి వచ్చాడు. పెళ్ళికొడుకు అచ్చిబాబు పోర్టులో క్రేన్ ఆపరేటరు. "పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యమంటావా బాబూ?" అని అతన్ని ఆవిడే నిలదీసి అడిగింది. "మానేస్తే నాకు మెయిల్ పంపడం ఎవరు నేర్పుతారండీ?" అన్నాడతను. ఆవిడకి ఆ జవాబు నచ్చింది.

వీరవేణి ఆ తర్వాత చాలా ప్రోగ్రాములు రాసింది. కొత్త భాషలు వచ్చాయి, పాతవి పోయాయి. ఆమె పద్ధతి ఒకటి మాత్రం ఉదయభాస్కర్ ఆఫీసంతటికీ అలవాటైపోయింది. ఎవరికైనా ప్రోగ్రాము రాసేముందు, దాన్ని వాడబోయే మనిషి పక్కన ఒక పూట ఊరికే కూర్చుని రావాలి.

ఒకసారి పెద్దాపురంలో ఒక నర్సింగ్ హోముకి అలాగే వెళ్ళింది. ప్రోగ్రాము అడిగిన డాక్టరుగారు ఇంకా రాలేదు. కౌంటరులో ఉన్న కుర్రపిల్ల దుర్గాశ్రీ ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో చీటీలు రాస్తోంది. వీరవేణి స్టూలు లాక్కుని ఆ పిల్లకి అడ్డం రాకుండా పక్కన కూర్చుంది.

కాసేపటికి దుర్గాశ్రీ తలెత్తి చూసింది. "ఎవరికోసం వచ్చారండీ? డాక్టరుగారు పదకొండింటికి గాని రారు."

"మీకోసమేనండీ" అంది వీరవేణి. "మీ పని మీరు చేసుకోండి. నేను చూస్తూ కూర్చుంటాను."