కోడి తేల్చిన పంచాయితీ

ఆ రోజుల్లో కొత్తకోడలికి ఏడుపొస్తే నేరం పొగ మీదకు నెట్టేది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో ఆ ఒక్క సౌకర్యం ఉండేది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఆ పొయ్యిని ఎంతగా నిందించానంటే, దానికి నోరుంటే నా మీద ఫిర్యాదు చేసేది. అత్తవారి వడ్లకొట్టులో ఎలుకలున్నాయని విని మా అమ్మ నా వెంట ఒక పిల్లికూనను పంపింది. (దాన్ని చూస్తే ఎలుకలే ఎత్తుకుపోయేటట్టుండేది.) వీధికుక్కల భయానికి దాన్ని గడప దాటనిచ్చేవాళ్లం కాదు. అది నా కాళ్లలో తిరుగుతూ పొద్దంతా ఒకటే అరుపు.

"ఒంటరిదైంది అత్తమ్మా. ఎల్లారెడ్డిల దీని తోడబుట్టింది ఉన్నది. నేను పోయి తెస్త," అన్నాను. ఆ ఊరి పేరు పలకగానే కొంగుతో కళ్లొత్తుకున్నాను. అది పిల్లి మీది జాలే అనుకున్నాను, ఒట్టు.

మా మామ దేన్నీ విచారణ లేకుండా తేల్చే మనిషి కాదు. తలరుమాలు చుట్టుకుని అరుగు మీద కూర్చుని, "ఒక్కటుంటే ఏడుస్తది, రెండుంటే కొట్లాడుకుంటయి. ఏది మేలు?" అని ఇంటిల్లిపాదినీ అడిగాడు. "నేనొచ్చినప్పుడు నాకెవ్వలు తోడు తెచ్చిండ్రు?" అని మా తోటికోడలు గిన్నెలు దభీమని పడేసింది. "రెండింటికి పాలు ఏడికెల్లి తేవాలె?" అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా. (అందరి ముందు భార్యను చూడడం అప్పట్లో పెద్ద సాహసం.)

విచారణ సాగుతుండగానే పిల్లికూన అరవడం మానేసింది. రోజూ తెల్లవారగానే పాలు తాగి ఎటో మాయమైతే మళ్లీ పొద్దుగూకాకే కనిపించేది. "రంది పెట్టుకున్నది మామా, ఇగ బతకదు," అని బావురుమన్నాను. మామ కరిగిపోయి ఫైసలా చెప్పాడు. "రేపు బండి కట్టుండ్రి. కోడలు పోయి రెండోదాన్ని తెస్తది." నేను అప్పటికప్పుడే చీరలు మూట కట్టాను.

ఆ సాయంత్రం పిల్లికూనను ఒకసారి ఎత్తుకుందామంటే ఎక్కడా లేదు. వెదకని చోటు చీకటర్ర ఒక్కటే మిగిలింది. అక్కడ అత్తమ్మ గంపలో ఊక పోసి కోడిని పొదగేసింది. పరాయి నీడ పడితే గుడ్లు మురిగిపోతాయని ఆమె హుకుం. పొద్దున్నే గింజలు వేసిరావడానికి ఆమె తప్ప ఎవరమూ ఆ గదిలోకి తొంగిచూసేవాళ్లం కాదు. "గుడ్లు తిన్నదో ఏమో!" అన్నాడు మామ. అత్తమ్మ దీపం పట్టుకుని లోపలికి వెళ్లి ఎంతకూ రాలేదు. చివరికి గుసగుసగా పిలిచింది. "అందరు రాండ్రి. సప్పుడు చెయ్యకుండ్రి."

గంపలో కోడి ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. దాని రెక్క కింది నుంచి ఒక చెవీ, ఇంత ముక్కూ కనిపిస్తున్నాయి. పిల్లికూన గాఢనిద్రలో ఉంది. అత్తమ్మ మెల్లగా చెయ్యి పెట్టి చూసింది. గుడ్లు వెచ్చగా, ఒక్కటీ పగలకుండా ఉన్నాయి. కోడి మాత్రం మిమ్మల్నెవరు రమ్మన్నారన్నట్టు మమ్మల్ని చూసింది. మామ తలరుమాలు తీసి చేతులు జోడించాడు. ఇంతమందిమి కూర్చుని తేల్చలేని పంచాయితీని ఆ నోరులేని జీవం ఎప్పుడో తేల్చేసింది. అంత వింత నేను మళ్లీ చూడలేదు.

"తోడు దొరికె. ఇగ ఎల్లారెడ్డి ఎందుకు?" అన్నాడు మామ.

మూటగట్టిన చీరలు గుర్తొచ్చి అక్కడే బోరుమన్నాను. ఈసారి పొగ లేదు, పిల్లి మీద పెడదామంటే అది హాయిగా నిద్రపోతోంది. అత్తమ్మ దీపం నా ముఖం దగ్గరికి తెచ్చి చాలాసేపు చూసింది. "బండి కట్టుడే. పిల్లికి అక్కర లేకుంటే లేకపాయె, దీనికున్నది," అన్నది.

తల్లిగారింట్లో ఒక్కరోజే హాయిగా ఉన్నాను. మర్నాటి నుంచి గుడ్లు పిల్లలయ్యాయేమో, కోడి పిల్లికూనను తరిమేసిందేమో అని అమ్మ ప్రాణం తోడేశాను. నాలుగు రోజులైనా నిలవలేక తిరిగివచ్చాను. చూద్దును కదా, నడిమింట్లో కోడి, దాని వెనక పిల్లలు, అన్నిటికీ చివర తోకెత్తుకుని మా పిల్లికూన. అది నన్ను చూసి కూడా వరస తప్పలేదు. చిన్నబోయి నిలబడ్డ నన్ను చూసి అత్తమ్మ నవ్వింది. "కోడి రెక్క కింద జాగ లేదు బిడ్డా. ఇటు, నా పక్కకు రా."

ఇప్పుడు మా ఇంటికి కొత్తగా వచ్చిన మనుమడి భార్య, "అవ్వా, మన కుక్కపిల్లకు తోడు కావాలెనేమో," అంటుంది. నేను కుక్కపిల్లను చూడను. ఆమె ముఖం చూసి, కాస్త జరిగి, నా మంచం మీద జాగ చేస్తాను.