గేటు లోపల నేను, గేటు బయట గుమ్మడికాయ

ఆ రోజుల్లో మా కొత్తపేట వైపు కుర్రాళ్లు గల్ఫుకి వెళ్లడమంటే అమలాపురం వెళ్లి చొక్కా గుడ్డ కొనుక్కొచ్చినంత మామూలు సంగతి. కాబట్టి నేను వెళ్తున్నానంటే వీధిలో ఎవరూ తల కూడా తిప్పలేదు. నాకు దొరికింది అక్కడి మన దేశపు కాన్సులేటులో డ్రైవరు ఉద్యోగమని తెలిశాక మాత్రం పరిస్థితి మారిపోయింది. అంత పొడుగు మాట చెప్పే ఓపిక లేక మా అమ్మ "మావోడు కాన్సులుగారండి" అని తేల్చేసేది. (డ్రైవరన్న ముక్క ఎక్కడో జారిపోయేది. నేనూ వంగి తీయలేదు.) మా పెద్దమావయ్యగారు కోర్టులో అమీనుగా చేసి రిటైరైన మనిషి. చట్టమంటే ఆయనకి ప్రాణం, వినేవాడికి ప్రాణసంకటం. బయల్దేరే ముందు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "ఒరే అబ్బాయ్, కాన్సులేటు మనిషిని ఆ దేశం పోలీసు ముట్టుకోకూడదు. దాన్ని ఇమ్యూనిటీ అంటారు. గేటు లోపల కాలు పెట్టేవంటే మన కొత్తపేటలో ఉన్నట్టే" అన్నారు. "అంటే ఏం చేసినా పరవాలేదాండి?" అన్నాను. "ఆయ్, పరవాలేదు. అలాగని చెయ్యకు" అన్నారు. నేను మొదటి ముక్క మాత్రం మూటగట్టుకుని విమానం ఎక్కాను.

చేరిన కొత్తలోనే ఆఫీసుకి కొత్త కారొచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, ముందు జెండా కట్టుకునే కడ్డీతో దర్జాగా ఉంది. మా వైపు సెకండ్ హ్యాండ్ మోపెడ్ కొన్నా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి గానీ రోడ్డెక్కించం. అలాంటిది దేశం పేరు మోసే కారుని ఊరికే ఎలా తీస్తాను? కేరళవాళ్ల కొట్లో బూడిద గుమ్మడికాయ సంపాదించి, సెలవు రోజు పొద్దున్నే, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కాయకి కంత కోసి, లోపల కుంకుమ నీళ్లు పోసి, కర్పూరం వెలిగించి, కారు చుట్టూ తిప్పి, గేటు బయట రోడ్డు మీద ఫెడేలుమని కొట్టాను. (లోపల కొడితే నాపరాళ్లు పాడవుతాయని నా జాగ్రత్త.) రోడ్డంతా ఎర్రగా అయింది. ఎదురుగా కాపలా గదిలోంచి ఓ మీసాల పోలీసాయన తొంగి చూశాడు. ఆయనకి కనిపించింది ఏమిటంటే, కాన్సులేటు ముందు ఎర్రటి మడుగు, దాని పక్కన చేతులు రెండూ ఎర్రగా, ఒక చేతిలో కత్తితో నేను.

ఆయన అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. నేను ఒక్క గెంతులో గేటు లోపల పడి "ఇమ్యూనిటీ!" అని కేకేశాను. ఆశ్చర్యం, ఆయన గేటు దగ్గర ఆగిపోయాడు! మావయ్యగారి పాదాలు అక్కడినుంచే మనసులో కళ్లకద్దుకున్నాను. ఈలోగా పోలీసాయన ఎవరికో ఫోన్ చెయ్యడం, పోలీసు కారొకటి వచ్చి ఆగడం, మా సారు (అసలు కాన్సులుగారు ఆయనే) నడక బూట్లతోనే పరుగున రావడం జరిగిపోయాయి. సారు విశాఖ మనిషి, అరబ్బీ బాగా వచ్చు. మీసాలాయనతో కాసేపు మాట్లాడి నా దగ్గరికొచ్చి "బయటికి రావయ్యా, నిన్ను చూడాలంటున్నాడు" అన్నారు.

"నేను రానండి. ఇమ్యూనిటీ ఉంది కదండీ."

"అది ఆఫీసర్లకీ, గుమాస్తాలకీ. అదైనా ఆఫీసు పని చేసినప్పుడే. డ్రైవరుకి దక్కేదల్లా జీతం మీద పన్ను ఉండదు, అంతే."

"ఈ దేశంలో ఎవరికీ పన్ను లేదు కదండీ?"

"లేదు. అందుకని అదీ లేదనుకో."

"కారు ఆఫీసుదే కదండీ. దిష్టి తీసింది ఆఫీసుకే కదండీ."

"గుమ్మడికాయ కొట్టడం మన ప్రభుత్వ విధి అని వాళ్ల విదేశాంగ శాఖకి నేను రాసివ్వాలా?" అన్నారు సారు. తర్వాత కాస్త మెత్తబడి, "నేను రమ్మంటే గానీ వాళ్లు లోపలికి రారు, నిజమే. మరి నువ్వెన్నాళ్లు ఉంటావిక్కడ? లోపల మంచం కూడా లేదు" అన్నారు.

వీధంతా కలిసి సాగనంపిన ఉద్యోగం. నెలైనా తిరక్కుండా పెట్టె పట్టుకుని బస్సు దిగితే, "కాన్సులుగారొచ్చేశారేంటండి?" అని అడిగేవాళ్లకి మా అమ్మ ఏం చెబుతుంది? నాకు జైలు భయం కన్నా అమ్మ మొహమే ఎక్కువ భయం వేసింది. కత్తి అక్కడే పెట్టేసి, దేవుణ్ణి తలుచుకుని గేటు దాటాను.

మీసాలాయన నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. గుమ్మడి చెక్కని బూటుతో తిరగేసి, గింజలు చూసి సారు వంక చూశాడు. సారు తన కంటిని, కారుని చూపిస్తూ అరబ్బీలో ఏదో చెప్పారు. అంతే, ఆయన నా భుజం పట్టుకుని పోలీసు కారు వైపు నడిపించాడు. అయిపోయిందనుకున్నాను. కారు తలుపు తీసి, లోపల అద్దానికి వేలాడుతున్న నీలం పూసని చూపించాడు. దాని మీద కన్ను బొమ్మ ఉంది, అది వాళ్ల దిష్టిపూసట. తన గుండె మీద చెయ్యి వేసుకుని, నా భుజం తట్టి, పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు మానేసి రోడ్డు కడగమని సైగ చేశాడు. ఆ కడగడం ఎంత హాయిగా కడిగానో! ఒక్కో బకెట్టు పోస్తుంటే గుండెల మీంచి ఒక్కో బస్తా దిగినట్టుంది.

సాయంత్రం మావయ్యగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన వినీ వినీ, "ఇంతకీ పోలీసు నిన్ను ముట్టుకున్నాడా లేదా?" అన్నారు. "ముట్టుకున్నాడండి, భుజం తట్టాడు" అన్నాను. "అదీ నేరమేరా!" అన్నారు.

మొన్నీమధ్య మా మేనల్లుడు కొత్త ఆటో కొంటే, "మావయ్యా, దిష్టి నువ్వే తియ్యాలి" అని గుమ్మడికాయ నా చేతిలో పెట్టాడు. ముందు బకెట్టు నీళ్లు తెచ్చి పక్కన పెడితే గానీ కాయ పట్టుకోనన్నాను. ఎందుకో వాడికి తెలీదు. సరిగ్గా కాయ పైకెత్తేసరికి అటుగా బండి మీద కానిస్టేబులొకాయన వచ్చి ఆగాడు. నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది, వెనక గేటుందేమోనని చూశాను కూడా. ఆయన ప్యాంటు మీద ఎరుపు పడకుండా బండి కాస్త వెనక్కి లాక్కుని, "ఆయ్, కానివ్వండి బాబాయిగారూ" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు, ఎర్రటి చేతులతో గేటు ఊచల వెనకాల నిలబడ్డ ఆ సన్నటి కుర్రాడు. పాపం, ఎంత హడలిపోయాడో. ఇప్పుడైతే వాడి దగ్గరికెళ్లి, "బయటికి రారా అబ్బాయ్, ఏం కాదు. అమ్మకి నువ్వెప్పటికీ కాన్సులుగారివే" అని చెప్పాలనిపించింది.